పారబోసిన లెక్క

దీపపు ఎర కింద పెట్టిన పళ్లెం తెల్లారేసరికి ఎలా ఉండేదో నా కళ్లముందు ఇంకా ఉంది. వరి పొలం గట్టున మూడు కర్రలు నిలబెట్టి బల్బు కట్టేవాళ్లం. కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు, నీళ్ల మీద కాస్త కిరోసిన్. పొద్దున వెళ్లి చూస్తే నీళ్లు కనపడేవి కావు, అంతా రెక్కలే. గోధుమరంగు రెక్కల పురుగులు, పేడపురుగులు, దారి తప్పి వచ్చిన తూనీగ, నీలంగా మెరిసే పెంకు పురుగులు, పేరు తెలియని బుల్లి ఈగలు. నేను పుల్ల తీసుకుని ఆ ముద్దను కెలికి, కాండం తొలుచు పురుగు తాలూకు పసుపు రెక్కల పురుగుల్ని ఒక పక్కకు లాగి లెక్కపెట్టేవాణ్ణి. సుడిదోమ ఎంత పడిందో చూసేవాణ్ణి. నోటుబుక్కులో ఆ రెండు అంకెలు వేసుకుని పళ్లెం గట్టు మీద బోర్లించేవాణ్ణి. కాసేపటికి కాకులో గోరింకలో వచ్చి శుభ్రం చేసేవి.

ఎన్నేళ్లు అలా బోర్లించానో చెప్పగలను. ఏం బోర్లించానో చెప్పలేను. ఈ వ్యాసం ఆ రెండో మాట గురించి.

వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం వరి, పత్తి పండే మండలాల్లోనే గడిచింది. లెక్క రాయని రోజంటూ లేదు. వానెంత, సాగెంత, ఎన్ని బస్తాల యూరియా దిగింది, డీలరు దగ్గర పురుగుమందు నిల్వ ఎంత. పంటకోత ప్రయోగం రోజైతే మా నిక్కచ్చితనం చూడాలి. చీటీలో వచ్చిన అంకె ప్రకారం పొలంలో అడుగులు వేసుకుంటూ పోయి, ఐదు మీటర్లకు ఐదు మీటర్లు తాడు లాగి, నాలుగు మూలలా పుల్లలు పాతి, ఆ చదరంలో వరి కోయించి, నూర్పించి, గింజ తూకం గ్రాములతో సహా రాసేవాళ్లం. పుల్ల బయట ఉన్న దుబ్బు లోపలికి వస్తే ఒప్పుకునేవాళ్లం కాదు. అదే చదరంలో ఎన్ని సాలీళ్లు గూళ్లు కట్టాయో, అడుగున మట్టిలో ఎన్ని వానపాములున్నాయో ఒక్క పొలంలో, ఒక్క ఏడాది కూడా రాసుకోలేదు. పైవాళ్లు అడగలేదని తప్పించుకోవచ్చు. అడగనిది రాస్తే ఎవరూ కాదనేవారు కారు. కాబట్టి ఆ సాకు నాకు చెల్లదు, నాతో పనిచేసినవాళ్లకూ చెల్లదు.

చదువుకోనివాళ్లమేం కాదు. బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో బీయస్సీ అగ్రికల్చర్ చేసి వచ్చిన వాళ్లం. కీటకశాస్త్రం పేపర్లు రాసి పాసైన వాళ్లం. ఆ చదువు మాకిచ్చిన చూపు ఎలాంటిదంటే, పొలంలో కదిలే ప్రాణి కనిపిస్తే ముందు ‘ఇది దేన్ని తింటుంది, ఏ మందుకు చస్తుంది’ అన్న ప్రశ్నే వచ్చేది. పత్తిలో లింగాకర్షక బుట్టలు పెట్టించాం. బుట్టకు గులాబీ రంగు పురుగు తాలూకు రెక్కల పురుగులు ఎనిమిది చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టమని చెప్పాం. అంటే పురుగుల్ని లెక్కపెట్టడం మాకు చేతకాక కాదు. పంటకు నష్టం చేసేవాటినే లెక్కపెట్టాం. ఏ నష్టమూ చేయనివాటికి మా పుస్తకంలో గడి లేదు.

1976లో బ్రిటన్‌లో ఎర్నెస్ట్ పొలార్డ్ అనే ఆయన పద్ధతితో దేశవ్యాప్తంగా సీతాకోకచిలుకల లెక్క మొదలైంది. ఆ పద్ధతి వింటే మా ఊళ్లో పదో తరగతి పిల్లవాడు కూడా నేను చేస్తానంటాడు. ఒక బాట ఎంచుకోవాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి, ఎండ కాసే పూట, ఆ బాట వెంట మామూలు నడకతో నడవాలి. అటు రెండున్నర మీటర్లు, ఇటు రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్లు, అంతలో కనిపించిన ప్రతి సీతాకోకచిలుకనూ రకం వారీగా రాసుకోవాలి. అంతే. యంత్రం లేదు, ల్యాబు లేదు. ఐదు మీటర్ల వెడల్పంటే మా పంటకోత తాడంత. ఆ తాడు మా ఆఫీసు బీరువాలో ఎప్పుడూ ఉండేది.

ఆ దేశంలో బడి పంతుళ్లు, పింఛనుదారులు, గృహిణులు అలా నడుస్తూనే ఉన్నారు. అందుకే 2022లో వెలువడిన నివేదికలో, 1976 నుంచి చూస్తే అక్కడి సీతాకోకచిలుక జాతుల్లో 80 శాతం సంఖ్యలోనో, విస్తరించిన ప్రాంతంలోనో, రెండిట్లోనో తగ్గాయని రాయగలిగారు. రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో కూడా మా దీపపు ఎరలాంటిదే ఉంది. 1968 నుంచి అలాంటి ఎరలను దేశమంతటా పెట్టి, పడిన రెక్కల పురుగుల్ని జాతుల వారీగా గుర్తించి రాశారు. దీపం అక్కడా ఇక్కడా ఒకటే. పొద్దున పళ్లెం దగ్గర కూర్చున్న మనిషిలో తేడా. జర్మనీలో క్రేఫెల్డ్ పట్టణంలోని కీటక ప్రియుల సంఘం ఇంకా ఆశ్చర్యం. 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లపాటు వలగుడారాలు కట్టి, పడిన ఎగిరే పురుగుల్ని తూకం వేసి సీసాల్లో దాచారు. 2017లో ఆ తూకాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే 76 శాతం తగ్గుదల. ప్రపంచమంతా ఉలిక్కిపడింది.

లెక్కపెట్టినంత మాత్రాన అక్కడ పురుగులు బతికిపోలేదు, నిజమే. కానీ వాళ్లకు ఏం పోయిందో, ఎప్పటినుంచి పోతోందో తెలుసు. చట్టసభలో నిలబడి అడగడానికి చేతిలో ఒక కాగితం ఉంది. మా చేతిలో ఏముంది? ‘మా చిన్నప్పుడు బోలెడు ఉండేవండీ’ అన్న మాట ఉంది. ఆ మాట మీద ఏ ప్రభుత్వమూ ఒక్క మందు డబ్బా అమ్మకం ఆపదు.

ఇదే 1976లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలో నల్లరేగడి వాటర్‌షెడ్ మీద దీర్ఘకాల ప్రయోగం మొదలైంది. కొట్టుకుపోయిన నీరెంత, మట్టెంత, దిగుబడి ఎంత అని దశాబ్దాలపాటు రాశారు. మట్టిలోని సూక్ష్మజీవుల్నీ తర్వాత కొలిచారు. మంచి పని, మాకు పాఠాలు కూడా చెప్పారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు సీతాకోకచిలుకల జీవితచక్రాల మీద, వాటికీ పూలకీ ఉన్న సంబంధం మీద ఏళ్లతరబడి పనిచేశారు. అంటే తెలిసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. మేం వాళ్ల గడప తొక్కలేదు. మా పొలం గట్టు దాకా వాళ్లను రమ్మని పిలవలేదు.

మట్టి సంగతి ఇంకా చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మా చేతులు నేరుగా ఉన్నాయి.

2015లో భూసార ఆరోగ్య కార్డుల పథకం వచ్చింది. మట్టి నమూనాలు తీయడం పెద్ద ఉద్యమంలా సాగింది. పొలంలో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంత తీసి, అంచు నుంచి పలచగా మట్టి చెక్కి, బకెట్లో వేసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. ఆ మట్టిలో వేర్లు, రాళ్లు, చెత్త ఏరేయాలి. నీడన ఆరబెట్టి, మెత్తగా దంచి, జల్లెడ పట్టి ల్యాబుకు పంపాలి. ఒకరోజు చెలకలో నమూనా తీస్తుంటే బకెట్లో ఒక వానపాము మెలికలు తిరుగుతూ కనిపించింది. చూపుడువేలంత పొడవు, మెడ దగ్గర లేత పట్టీ. నాతో ఉన్న కుర్రాడు దాన్ని చెత్తతోపాటు తీసి అవతల రాతి మీదకు విసిరాడు. మిట్టమధ్యాహ్నం, రాయి కాలుతోంది. మేమిద్దరం చూసి కూడా తర్వాతి గుంతకు వెళ్లిపోయాం.

ఆ కార్డులో పన్నెండు అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. పన్నెండిట్లో ప్రాణమున్నది ఒక్కటీ లేదు. నేల ఆరోగ్యం పరీక్షించే ముందు ఆ నేలలో బతికున్నదాన్ని మేమే ఏరి పారేశాం. ఆ కార్డు మీద ‘ఆరోగ్యం’ అని అచ్చేసి రైతు చేతిలో పెట్టి ఫోటో దిగాం.

వానపాము రైతు నేస్తమని చిన్న క్లాసుల నుంచీ పరీక్షల్లో రాసినవాళ్లమే. ఎకరం నేలలో ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల పొట్టలోంచి వెళ్లి పైకి వస్తుందని డార్విన్ 1881లోనే లెక్కగట్టిన సంగతి కాలేజీలో చదివాం. ఉద్యోగంలో చేరాక అదే మట్టిలో ఎకరానికి 10 కిలోల కార్బోఫ్యూరాన్ గుళికలు చల్లమని మేమే చెప్పాం. వానపాముకు ఆ మందు ఎంత విషమో పుస్తకాల్లో ఉంది. ఫోరేట్ గుళికలు కూడా అలాగే చల్లించాం. 2020 డిసెంబరు 31తో దాన్ని దేశంలో నిషేధించారు. నిషేధం వచ్చిన రోజు, ఇన్నేళ్లూ చల్లిన పొలాల్లో మట్టి ఎలా ఉందో వెళ్లి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు.

మరి వానపాముల పేరు మీద మేం చేసిందేమిటి? సిమెంటు తొట్లు కట్టించాం. వర్మీకంపోస్టు యూనిట్లకు సబ్సిడీ ఇచ్చాం. మండలానికి ఇన్ని యూనిట్లని టార్గెట్టు పెట్టుకుని పూర్తిచేశాం. తొట్లలో వేసినవి ఐసీనియా, యూడ్రిలస్ అనే బయటి జాతులు. పెంట కుప్పల్లో, ఆకుచెత్తలో బతికేవి. పొలం మట్టిలో లోతుకు బొరియలు చేసుకుంటూ వాన నీటిని కిందికి దింపే మన నేల పాములు వేరు. పురుగుమందులు వానపాముల మీద ఎలా పనిచేస్తాయో ల్యాబుల్లో పరీక్షించేది కూడా ఎక్కువగా ఆ పెంటకుప్ప ఐసీనియా మీదే. నల్లరేగడిలో బతికే పాముకు మాట్లాడే చోటు ఎక్కడా లేకుండా పోయింది. తొట్లో ఎరువు తయారైతే నేలలో ప్రాణం ఉన్నట్టేనని మేం నమ్మాం, రైతును నమ్మించాం.

జిల్లేడు మొక్క విషయంలో మా తప్పు వేరే రకం.

పొలం గట్ల మీద జిల్లేడు ఉన్నచోట నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి తిరుగుతుంటుంది. రెక్కలకు నల్లటి అంచు, ఆ అంచులో తెల్ల చుక్కలు. దాని గొంగళి జిల్లేడు ఆకు తినే పెరుగుతుంది. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్ల పోగులతో, పాలు కారే ఆకును తాపీగా నమిలేస్తూ ఉంటుంది. అమెరికాలో ఉండే, ప్రపంచ ప్రసిద్ధమైన మోనార్క్ సీతాకోకచిలుక దీనికి దగ్గరి చుట్టం, ఇద్దరిదీ ఒకే ప్రజాతి. అది గుడ్లు పెట్టే మిల్క్‌వీడ్ కూడా మన జిల్లేడు కుటుంబానిదే.

1999లో అమెరికాలో జన్యుమార్పిడి చేసిన బీటీ మొక్కజొన్న పుప్పొడి పడిన ఆకు తిని మోనార్క్ గొంగళ్లు చస్తున్నాయని ఒక ప్రయోగం బయటకు వచ్చి పెద్ద గొడవైంది. పొలాల్లో కొలిచి చూసి, ఎక్కువ రకాలతో ముప్పు స్వల్పమేనని రెండేళ్లకు తేల్చారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈలోగా అవతల ఇంకో పని నిశ్శబ్దంగా జరిగిపోయింది. గడ్డిమందును తట్టుకునే పంటలొచ్చాక పొలాల్లో మిల్క్‌వీడ్ మాయమవుతూ వచ్చింది. 1999 నుంచి 2010 వరకు మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మిల్క్‌వీడ్ 58 శాతం, అక్కడ పుట్టే మోనార్కులు 81 శాతం తగ్గాయని తర్వాత లెక్కగట్టారు. విషం ఎక్కడుందా అని చూస్తూ ఉండగానే తిండి పోయింది.

బ్రిటన్ ఈ ప్రశ్నను ముందుగానే అడిగింది. గడ్డిమందు తట్టుకునే జన్యుమార్పిడి పంటల్ని అనుమతించే ముందు, ఒక్కో పంటకు అరవైకి అటూఇటుగా పొలాలు తీసుకుని, ప్రతి పొలాన్ని సగం సగం చేసి, ఒక సగంలో కొత్త పంట, రెండో సగంలో పాత పంట వేసి, కలుపు, కలుపు గింజలు, తేనెటీగలు, సీతాకోకచిలుకలు అన్నీ లెక్కపెట్టింది. 2003లో ఫలితాలు వచ్చాయి. బీట్‌దుంప, ఆవజాతి నూనెగింజల పంటల్లో సీతాకోకచిలుకలు తగ్గాయి. మొక్కజొన్నలో అలా జరగలేదు. ఉన్నది ఉన్నట్టు ప్రకటించారు.

మా దగ్గర 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం విడి పొట్లంలో ఇచ్చేవారు. చేను చుట్టూ అది విత్తాలి. పురుగులో నిరోధకశక్తి పెరగకుండా పెట్టిన నియమం. ఆ పొట్లాలు గెట్ల మీద, కాలువల్లో, ఇళ్ల చూరుల్లో పడి ఉండటం నా కళ్లతో చూశాను. విత్తినవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. పైకి పంపిన నివేదికలో ‘రైతులకు అవగాహన కల్పించడమైనది’ అని రాసి సంతకం పెట్టాను. గులాబీ రంగు పురుగు తిరిగి వచ్చినప్పుడు ఆ సంతకం గుర్తొచ్చింది. పంటకు నేరుగా సంబంధించిన నియమాన్నే ఇలా వదిలేసినవాళ్లం, సీతాకోకచిలుకను పట్టించుకుంటామా?

ఆ తర్వాత బీజీ-3 పేరుతో, అనుమతి లేకుండానే గడ్డిమందు తట్టుకునే పత్తి విత్తనం ఊళ్లలోకి వచ్చింది. గ్లైఫోసేట్ గడ్డిమందు క్యాన్లు వచ్చాయి. 2022 అక్టోబరులో కేంద్రం ఆ మందును శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ వాళ్లు మాత్రమే కొట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. చేలల్లో భుజాన పంపు వేసుకుని కొడుతున్నది ఎవరో అందరికీ తెలుసు. కూలికి మనుషులు దొరకని రైతును నేను తప్పుపట్టను. ఎకరం కలుపు తీయించడానికి ఎంతవుతుందో, ఆ క్యాను ఎంతకొస్తుందో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. నేను తప్పుపట్టేది మమ్మల్ని. చేనులో కొట్టిన మందు గెట్టు దాకా ఎందుకు పోతోందని అడగలేదు. గెట్టు మీద జిల్లేడు, గంగవావిలి కూర, గిలిగిచ్చ మాడిపోతే ‘గెట్టు శుభ్రంగా ఉంది’ అన్నాం. ఆదర్శ రైతు పొలమని బస్సు వేసి జనాన్ని తీసుకొచ్చి చూపించాం. ఆ శుభ్రమైన గెట్టు మీద గుడ్డు పెట్టడానికి ఒక్క ఆకు లేదు.

ఇదంతా తెలియక జరిగిందని కూడా అనలేను. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టి రైతుల ప్రాణాలు తీసినప్పుడు, కొత్త మందులు మిత్రపురుగుల్ని చంపడం అందుకు ఒక కారణమని మాకు శిక్షణలోనే చెప్పారు. పదేళ్లకు వరంగల్లులో మళ్లీ పత్తి మీద అదే మందుల మోత, అవే చావులు. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు బొమ్మలతో చార్టులు అచ్చు వేయించి ఆఫీసు గోడలకు తగిలించుకున్నాం. 2000 దశకం మొదట్లో ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పురుగుమందులు మానేసి చూపించినప్పుడు వెళ్లి చూసి వచ్చిన అధికారుల్లో నేనూ ఒకణ్ణి. ఖర్చెంత తగ్గింది, దిగుబడి ఎంత వచ్చింది అని అడిగి రాసుకున్నాం. మందు మానేశాక చేలోకి ఏవేవి తిరిగి వచ్చాయని అడిగితే అక్కడి ఆడవాళ్లు వేళ్ల మీద చెప్పేవారు. అడగలేదు.

రిటైరయ్యే ముందు ఒక రైతు సదస్సులో ఒక ముసలాయన లేచి, ‘సారూ, ఆరుద్ర పురుగులు ఎటు పోయినయ్? పదేండ్లాయె, ఒక్కటి కండ్లబడలే’ అన్నాడు. తొలకరి పడి ఆరుద్ర కార్తె వచ్చేసరికి ఎర్ర మఖమల్ ముక్కల్లా నేలంతా పాకే ఆ పురుగుల్ని చూసే కదా పాతవాళ్లు విత్తనం పెట్టేది. అగ్గిపెట్టెలో పచ్చిగడ్డి వేసి దాచుకోని పల్లె పిల్లలు మా తరంలో లేరు. ఎనిమిది కాళ్లుండే ఆ ప్రాణి ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉంటుంది. పిల్లదశలో మిడతల్లాంటి వాటిని అంటుకుని బతుకుతుంది. పెద్దయ్యాక మట్టిలోని పురుగుల గుడ్లు తింటుంది. అంటే నేల కిందా, నేల మీదా రెండు లోకాలూ బాగుంటేనే అది బాగుంటుంది. నేల బాగోగులు కొలవడానికి ఇంతకన్నా తేలికైన గుర్తు మనకు ఇంకేం కావాలి? కార్తె పేరే దానికి పెట్టి మన పెద్దలు తేదీ కూడా చెప్పి పెట్టారు.

నేను మైకులో ‘వాతావరణంలో మార్పులొచ్చాయి బాపూ’ అని చెప్పి, తర్వాతి ప్రశ్న అన్నాను. ఆయన కూర్చున్నాడు. ఆ జవాబు చెప్పే అర్హత నాకు లేదు. మా దగ్గర ఒక్క ఏడాది లెక్క కూడా లేదు.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న వ్యవసాయ విస్తరణ అధికారులకు (ఏఈవోలకు), రైతు సేవా కేంద్రాల్లో పనిచేస్తున్న పిల్లలకు ఒక మనవి. మీ క్లస్టర్‌లో రెండు గట్లు ఎంచుకోండి. మందులు కొట్టే చేను గట్టు ఒకటి, కొట్టని చేను గట్టు ఒకటి. వారానికి ఒక పూట ఐదు మీటర్ల వెడల్పులో సీతాకోకచిలుకల్ని లెక్కపెడుతూ నడవండి. పేర్లు తెలియకపోతే పసుపువి, నీలంవి, నారింజవి అని రాయండి. పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు. వానలు పడ్డాక రెండు చేలల్లో జానెడు చదరం, అడుగు లోతు మట్టి తీసి గోనె మీద పోసి చేత్తో ఏరండి. ఎన్ని వానపాములో రాసి, వాటిని మళ్లీ ఆ గుంతలోనే కప్పెట్టండి. దీపపు ఎర పెడితే పళ్లెం బోర్లించే ముందు ఒక ఫోటో తీయండి. పై నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగకండి, మేం అలా ఆగే ముప్పై ఏళ్లు పోగొట్టాం.

నేను ఈ ఆరుద్ర కార్తెలో మొదలుపెట్టాను. మా ఊరి పత్తిచేను గట్టు వెంట రెండు వందల మీటర్ల నడక. పసుపు సీతాకోకచిలుకలు నాలుగు, నీలం చిన్నవి రెండు, నారింజవి లేవు. మూడు గుంతల్లో కలిపి వానపాము ఒకటి. ఆరుద్ర పురుగులు సున్నా. కింద తేదీ వేసి సంతకం పెట్టాను.